వనం గుడిలో వనం

విజయనగరంలో పైడితల్లి అమ్మవారికి రెండు గుళ్ళున్నాయి. మూడు లాంతర్ల దగ్గరున్నది చదురు గుడి. రైల్వే స్టేషన్ దగ్గరున్నది వనం గుడి. చదురంటే కొలువు, నలుగురూ కూడే చోటు. వనమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వైశాఖంలో దేవరోత్సవం చేసి అమ్మవారిని వనం నుంచి ఊరి నడిబొడ్డుకి పిలుచుకొస్తారు. దసరా తర్వాత జాతరైపోయాక ఆవిడ మళ్ళీ వనంలోకి వెళ్ళిపోతుంది. ఏడాదిలో సగం ఊళ్ళో, సగం అడవిలో.

మాటకి అడవే గానీ, ఇవాళ వనం గుడి దగ్గర నిలబడితే వినిపించేది రైళ్ళ అనౌన్స్‌మెంట్లు, కనిపించేది ఆటోలు. హైదరాబాద్ ఉద్యోగం నుంచి పండక్కి ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఆ దారిలోనే వెళ్తాను. వనం అనే మాట అక్కడ ఏం చేస్తోందని చాలా ఏళ్ళు ఆలోచించలేదు. ఈ ఊళ్ళో పేరు మిగిలి సరుకు పోయినవి చాలానే ఉన్నాయి కనక అలవాటైపోయింది. కన్యాశుల్కం తెర లేచే బొంకులదిబ్బని వెతుక్కుంటూ వచ్చే సాహిత్యాభిమానుల మొహాలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. కానీ బొంకులదిబ్బ పోతే పోయింది, దాని మీద ఎవరూ ఆధారపడి లేరు. వనం అలా కాదు. ప్రతి ఏడాదీ ఈ ఊరికి ఒక మహావృక్షం కావాలి. అది ఎక్కడో ఒకచోట దొరకాలి.

ఆ చెట్టు సంగతికి వచ్చేముందు అసలు అడవి సంగతి చూడాలి. దానికి అమ్మవారి కథలోంచే దారి ఉంది.

స్థలపురాణం ప్రకారం పైడితల్లి పూసపాటి వారి ఆడపడుచు, పెద్ద విజయరామరాజు చెల్లెలు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది. మూడు రాత్రులు తిరక్కుండానే తాండ్ర పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని పొడిచి చంపాడు. అన్న చావు కబురు విని ఆవిడ పెద్దచెరువులో ఐక్యమైందనీ, పతివాడ అప్పలనాయుడికి కలలో కనిపించి తన విగ్రహం చెరువులో ఉందని చెప్పిందనీ, బెస్తవాళ్ళు వలవేసి పైకి తీశారనీ కథ. జాతరలో సిరిమాను ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగుతో పాటు బెస్తవారి వల కూడా నడుస్తుంది. ఆ వల ఈ వలే. కథని ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్తారు. అందరి కథలోనూ మారనిది ఒకటే: విజయనగరం దేవత బొబ్బిలి యుద్ధంలోంచి పుట్టింది. గెలిచిన ఊరు, గెలుపుని కాకుండా ఆ గెలుపు వెంట వచ్చిన దుఃఖాన్ని కొలుస్తోంది. నాకు ఈ ఊళ్ళో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

బొబ్బిలి యుద్ధం అనగానే మనకి కోట, ఫిరంగులు, జౌహరంలాంటి ఆ ఆఖరి ఘట్టం, పాపారాయుడి కత్తి గుర్తొస్తాయి. పెద్దాడ మల్లేశం బొబ్బిలి కథా, దిట్టకవి నారాయణకవి రంగారాయచరిత్రమూ, 1964లో వచ్చిన ఎన్.టి.ఆర్. సినిమా, 1986లో వచ్చిన కృష్ణంరాజు సినిమా, వీటన్నిటి వల్లా మనుషులు మనకి బాగా తెలుసు. ఆ యుద్ధంలో పోరాడిన ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ పెద్దగా పాడుకోలేదు. అది అడవి.

దీన్ని వివరంగా రాసినవాడు రాబర్ట్ ఓర్మ్. మద్రాసులో ఈస్ట్ ఇండియా కంపెనీ కౌన్సిల్లో పనిచేసి, 1758లో ఇండియా వదిలి, లండన్లో కూర్చుని కంపెనీ యుద్ధాల చరిత్ర రాశాడు. బొబ్బిలి కథ 1778లో అచ్చయిన సంపుటంలో ఉంది. ఓర్మ్ బొబ్బిలి చూసినవాడు కాడు, విన్నవీ ఉత్తరాల్లో చదివినవీ కూర్చి రాశాడు. కాబట్టి అంకెల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. అయినా కోటల నిర్మాణం గురించి అతను చెప్పేది ఎంత పద్ధతిగా ఉంటుందంటే, ఎవరో చూసి వచ్చినవాడు గీత గీసి చూపించాడనిపిస్తుంది.

ఈ ప్రాంతపు పాలెగాళ్ళ కోటలన్నీ ఇంచుమించు ఒకే రకం అంటాడు. మధ్యలో మట్టికోట, ఒక్కో పక్క 200 గజాలు, అంతకన్నా తక్కువే. మూలల్లో గుండ్రటి బురుజులు. కోట చుట్టూ 500, 600 గజాల మేర చెట్టూ చేమా లేకుండా ఖాళీ మైదానం. ఆ మైదానం దాటాక, చుట్టూ వలయంలా, మూడు నుంచి అయిదు మైళ్ళ మందాన చిక్కటి అడవి. ఈ అడవి దానంతటది పెరిగింది కాదు, చిక్కగా ఉండేలా కాపాడుకుంటూ వచ్చింది. అందులోంచి కోటకి ఒక్కటే దారి. ముగ్గురు మనుషులు పక్కపక్కన నడిస్తే నిండిపోయేంత సన్నం. తిన్నగా ఉండదు, అడుగడుక్కీ మెలిక తిరుగుతుంది. దారి పొడుగునా పొదల చాటున మట్టి అడ్డుగోడలు, వాటి వెనక తుపాకులు. అడవి అంచున దారి మొదలయ్యేచోట ఒక చిన్న కోటగోడ, అదీ అంచు మీద కాదు, లోపలికి చెట్లు నరికి చేసిన ఒక సందు అడుగున. వచ్చేవాడు రెండు పక్కల నుంచీ దెబ్బ తింటూ అక్కడిదాకా రావాలి.

మా ఆఫీసులో సెక్యూరిటీ రివ్యూలు చేసేవాడికి ఈ పేజీలు చదివి వినిపిస్తే నవ్వాడు. లోపలికి ఒకే దారి, ఆ దారిలో ఒకేసారి ఎంతమంది రావచ్చో దానికో పరిమితి, ప్రతి మలుపులోనూ తనిఖీ, చివర కంటికి కనబడకుండా తప్పించుకోలేని ఖాళీ జాగా. ఇవాళ సర్వర్ల చుట్టూ మేం కట్టేది ఇదే. కాకపోతే మాది చెట్లతో కాదు.

ఓర్మ్ అంకెల్లో చిన్నదే తీసుకుందాం. మూడు మైళ్ళ మందాన వలయం అంటే లెక్క ప్రకారం 33 చదరపు మైళ్ళు దాటుతుంది. ఇరవై వేల ఎకరాలకి పైమాటే. ఓర్మ్ విన్నది పెంచి రాశాడనుకుని పదోవంతే నమ్మినా రెండు వేల ఎకరాలు. దాన్ని చిక్కగా ఉంచాలంటే పశువులు లోపల పడకుండా చూడాలి, ఎండాకాలం కారుచిచ్చు రాకుండా కాయాలి, ఎవరూ కొత్త దారి తొక్కకుండా చూసుకోవాలి, వెదురు పూసి చచ్చిపోయినప్పుడు ఖాళీ పడకుండా చూడాలి. అంటే మనుషులు ఉండాలి. కావలివాళ్ళు, నరికేవాళ్ళు, నాటేవాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ కావ్యంలోనూ లేవు. ఏ కోటగోడ కట్టడానికి ఎన్ని కూలిదినాలు పట్టాయో ఊహించే చరిత్రకారులు, ఈ అడవి కట్టడానికి ఎన్ని తరాలు పట్టాయో అడగరు. అడవి అంటే ఎప్పుడూ ఉండేదే, మనిషి వచ్చి పాడుచేసేదే అని మనకో నమ్మకం. బొబ్బిలి అడవి అలాంటిది కాదు. అది కోటలో భాగం.

దాని మీదకి బుస్సీ 750 మంది యూరోపియన్లతో, నాలుగు చిన్న ఫిరంగులతో, విజయరామరాజు 11,000 బలగంతో వచ్చారు. ఫిరంగులు అడవి మొదట్లోని గోడని కొడుతూంటే, కొన్ని దళాలు ఆ సందు పక్కల నుంచి నిప్పూ గొడ్డళ్ళూ పట్టుకుని అడవిలోకి దూరి సొంతంగా దారి చేసుకున్నాయి. కోట గోడ పగిలేలోపే అడవి పగిలిపోయింది. అక్కడితో యుద్ధం సగం ముగిసిందనే నా ఉద్దేశం. ఆ తర్వాత జరిగింది మనకి తెలిసిన విషాదం.

ఇప్పుడు బొబ్బిలి వెళ్తే యుద్ధం జరిగిన చోట ఒక స్మారక స్తంభం ఉంది. దాని చుట్టూ తిరిగి నాలుగు దిక్కులా చూశాను. అయిదు మైళ్ళ అడవి సంగతి అలా ఉంచండి, అది ఉండేదని ఊహించుకోడానికి కూడా ఆనవాలు లేదు. పొలాలు, ఇళ్ళు, మామిడి తోటలు, ఫ్యాక్టరీలు. బుస్సీ తగలబెట్టాడు కదా, పోయింది, అనుకోవచ్చు. అక్కడే నాకు అనుమానం.

ఆ అనుమానం ఎక్కడిదో చెప్పాలంటే కాస్త దూరం వెళ్ళాలి. కొన్నాళ్ళు ప్రాజెక్టు పని మీద ఇంగ్లండ్‌లో ఉన్నాను. మేమున్న ఊరి పక్కన పొలాల మధ్య ఒక చిన్న అడవి ఉండేది. అడవి అనడానికి కూడా సిగ్గుపడాలి, మన చెరువు గట్టు మీంచి చూస్తే అటు చివర కనబడేంత. అయినా దానికో పేరు, మ్యాపులో ఆ పేరు, లోపలికి వెళ్ళే దారి మొదట్లో ఒక బోర్డు. లోపల చెట్లన్నీ చిత్రంగా ఉండేవి. ఒక్కో మొదట్లోంచి అయిదారు బోదెలు గుంపుగా లేచి ఉండేవి. వందల ఏళ్ళుగా అక్కడి జనం వాటిని నేలమట్టానికి నరికి, పిలకలు వేశాక, పదీ పదిహేనేళ్ళకి మళ్ళీ నరికి, కంచెలకీ పొయ్యిలకీ వాడుకునేవారట. అలా నరికి నరికి బతికించిన అడవి అది. ఇంగ్లండ్‌లో 1600వ సంవత్సరం నుంచీ తెగకుండా అడవిగానే ఉన్న చోటుని ప్రాచీన వనం అంటారు. ఎకరం రెండెకరాల ముక్కకి కూడా ఆ హోదా ఉండొచ్చు. చెట్లు పాతవి కానక్కర్లేదు, అడవిగా ఉండడం తెగకూడదు, అంతే.

ఈ విషయాలన్నీ మామూలు చదువరికి అర్థమయ్యేట్టు రాసినవాడు కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన ఆలివర్ రాకమ్. 1986లో వచ్చిన అతని ద హిస్టరీ ఆఫ్ ద కంట్రీసైడ్ చదివాక ఒక మాట నా మనసులో ఉండిపోయింది. నా మాటల్లో చెప్తాను: నరికినంత మాత్రాన అడవి చావదు, మొదళ్ళు చిగురిస్తాయి, నరికిన చోట నాగలి పెట్టినప్పుడు చస్తుంది. గొడ్డలిని తిట్టడం మానేసి, గొడ్డలి తర్వాత ఏం వచ్చిందో చూడమంటాడు.

ఆ కళ్ళతో బొబ్బిలిని చూడండి. వెదురు కాలితే మరుసటి వానకి లేస్తుంది. గుగ్గిలం నరికితే పిలకలు వేస్తుంది. 1757లో బుస్సీ మనుషులు చేసింది అడవికి ఒక గాయం, అంతే. పదేళ్ళు వదిలేస్తే మానిపోయేది. అది మానకపోవడానికి కారణం తర్వాత యాభై ఏళ్ళలో ఉందని నేననుకుంటాను. 1794 జులై 10న పద్మనాభం దగ్గర ఈసారి విజయనగరం వంతు వచ్చింది. బకాయిలు కట్టు, సైన్యాన్ని రద్దుచెయ్యి అని కంపెనీ అడిగితే ఒప్పుకోని చిన విజయరామరాజు అక్కడ చనిపోయాడు. కొడుకు నారాయణబాబు కొండ జమీందారుల దగ్గరికి పోయి తలదాచుకుని, ఆఖరికి రాజీకొచ్చాడు. 1802లో శాశ్వత పైసలా వచ్చింది. ఆ తర్వాత జమీందారు పని యుద్ధం చెయ్యడం కాదు, కిస్తీ కట్టడం. కిస్తీ కట్టేవాడికి కోట చుట్టూ అడవి ఎందుకు? ఒకప్పుడు కోటకి కవచంగా ఉన్న నేల ఇప్పుడు సాగులోకి రాని నేల, అంటే నష్టం. కావలివాళ్ళకి జీతం దండగ. అడవిని గొడ్డలి చంపలేదు, పని పోయి చచ్చింది. దానికి నా దగ్గర దస్తావేజు లేదు, ఇది నా అంచనా. కానీ ఒక శతాబ్దం తర్వాత రైలొచ్చిన దారి చూసినా ఇదే తర్కం కనిపిస్తుంది. 1890లలో కోస్తా లైను, 1908-09లో విజయనగరం నుంచి పార్వతీపురం దాకా ఇంకో లైను, 1931కి అది రాయపూర్‌కి కలిసింది. పట్టాల కింద వేసే చెక్కలకి గుగ్గిలం మంచిదని పేరు. కొండ అడవి ఇప్పుడు కలప డిపో. వనం గుడి పక్కన స్టేషన్ కట్టడంలో యాదృచ్ఛికం ఉందేమో గానీ, దాన్ని దాటి వెళ్ళినప్పుడల్లా నాకది యాదృచ్ఛికంగా కనబడదు.

కోట అడవి పోయాక మైదానంలో మిగిలిన చెట్ల గుంపు పేరు తోపు. ఇది వేరే జాతి. అడవిలో ఏ చెట్టుండాలో అడవి చూసుకుంటుంది, తోపులో మనిషి చూసుకుంటాడు. మన పెద్దలు చెప్పిన సప్తసంతానాల్లో కొడుకు, కావ్యం, నిధి, గుడి, చెరువు, అగ్రహారంతో పాటు వనం ఒకటి. ఆ వనం అంటే ఆచరణలో ఇదే. చెరువు గట్టు కిందో, బాట పక్కనో ఎకరం, రెండెకరాల్లో చింతో మామిడో వేసి, ఒక నుయ్యి తవ్వించి వదిలేసేవారు. దండులు దిగేది తోపుల్లోనే, సంత జరిగేది అక్కడే, పెళ్ళివారు ఆగేదీ అక్కడే. దొరలకి ఈ మాట ఎంత అలవాటైందంటే ఇంగ్లీషులో దానికి సమానమైన మాట వెతుక్కోకుండా తోపునే తమ భాషలోకి తీసుకుపోయారు. హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఉంది.

రెవెన్యూ రికార్డులో దీని పేరు తోపు పోరంబోకు. పోరంబోకంటే శిస్తు లెక్కకి బయటిది. ఆ మాట తిట్టుగా ఎలా మారిందో ఎవరైనా వ్యాసం రాస్తే బాగుండు. ఎవరికీ శిస్తు కట్టని నేలా, ఎవరికీ పనికిరాని కుర్రాడూ సర్కారు దృష్టిలో ఒకటే అన్నమాట. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలతో పాటు వాటిలోని ఉమ్మడి భూములూ పోరంబోకులూ అడవులూ అన్నీ ప్రభుత్వానికి దఖలుపరిచింది. న్యాయమే. కాకపోతే తోపుకి అప్పటిదాకా ఉన్న కాపలా ఊరిది, కొత్త యజమానేమో తాలూకా ఆఫీసులో ఒక గడి. నేను డేటాబేసులతో బతికేవాడిని కనక చెప్తున్నాను, గడిలో ఉన్న మాటకీ నేల మీదున్న వస్తువుకీ సంబంధం ఎవరో ఒకరు నడిచి వెళ్ళి చూస్తేనే నిలుస్తుంది.

ఇక సిరిమాను. సిరి అంటే లక్ష్మి, మాను అంటే చెట్టు. జాతరకి కొన్ని వారాల ముందు, ఫలానా దిక్కున ఫలానా చోట చెట్టుందని పూజారికి అమ్మవారు కలలో చెప్తుంది. అది చింతచెట్టు. ఒక్కో ఏడు ఒక్కో ఊళ్ళో దొరుకుతుంది. పసుపూ కుంకుమా పెట్టి, పూజ చేసి నరికి, ఊరేగింపుగా హుకుంపేటకి తెచ్చి చెక్కుతారు. దానితో పాటు ఇరుసుమాను అని ఇంకొకటి కావాలి. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం, యాభై అరవై అడుగుల ఆ మాను చివర ఆసనంలో పూజారి అమ్మవారి రూపంగా కూర్చుంటాడు. బండి మీద ఇరుసుకి బిగించిన మాను పైకి లేస్తుంది. చదురు గుడి నుంచి కోటకి మూడుసార్లు. లక్షల మంది తలలు పైకెత్తి చూస్తారు. నేనూ చూస్తాను. మనిషి బరువుతో ఆ మాను ఊగినప్పుడు నాకు మాత్రం ఒకటే ఆలోచన, ఇంత పొడుగు చింత ఎక్కడ దొరికిందిరా బాబూ అని.

ఎందుకంటే చింత అలా పెరగదు. ఎవరి పెరట్లోదైనా చూడండి. పది పన్నెండు అడుగులకే పంగలు చీలి గొడుగులా విచ్చుకుంటుంది. చేవ మాత్రం గొప్పది. గానుగలకీ రోకళ్ళకీ బండి చక్రాల కుండలకీ చింతనే వాడేవాళ్ళు. వంగినా విరగని ఆ గట్టితనం కోసమే దీన్ని ఎంచుకున్నారేమో. కానీ పొడుగు? దాని సమాధానం నాకు ఒక తోపులో దొరికింది.

కొన్నేళ్ళ కిందట సిరిమాను ఇచ్చిన ఊరొకటి విజయనగరానికి గంట దూరంలో ఉందని బంధువొకాయన చెప్తే మొన్న సంక్రాంతికి వెళ్ళాను. తోపు ఎకరంన్నర ఉంటుందేమో. లెక్కపెడితే పంతొమ్మిది చెట్లు, పదిహేడు చింతలు. ఒక పక్క గెడ్డ, ఇంకో పక్క గరువు. లోపలికి అడుగుపెడితే చలి. కింద ఎండిన చింతాకు పరుపులా మెత్తగా ఉంది. మేకలు కాసుకుంటున్న ముసలాయన నన్ను చూసి లేచొచ్చాడు.

"ఏటి బాబూ, మాను కొట్టిన సోటు సూడ్డానికొచ్చినారా?"

"అవును తాతా. ఎవరు నాటారీ చెట్లు?"

"ఎవులు నాటినారో నాకేటి తెలుసు బాబూ. నా సిన్నప్పుడే ఇంతేసి మానులు."

చూపించాడు. నేలకి మూరెడెత్తున మొదలు, దాని అంచుల నుంచి నా మోకాలి ఎత్తు దాటిన పిలకలు. కొన్నిటిని మేకలు కొరికేశాయి. మిగిలిన చెట్లని తలెత్తి చూశాను. దగ్గర దగ్గరగా నాటడంతో వెలుతురు కోసం పోటీపడి అన్నీ పైకే పోయాయి. పక్క కొమ్మలు నీడకి ఎండి రాలిపోయాయి. అంచున ఉన్న చెట్లు మాత్రం బయటివైపు చేతులు చాచుకుని మామూలు చింతల్లానే ఉన్నాయి. నడిమధ్య ఉన్నవే సన్నగా, నిటారుగా. అంటే సిరిమానుని ఇచ్చేది చెట్టు కాదు, తోపు. ఒంటరి చింతకి ఎన్నేళ్ళొచ్చినా సిరిమాను కాలేదు.

ప్రతి జాతరకీ ఊళ్ళో కొందరు, వాళ్ళలో నా స్నేహితులూ ఉన్నారు, ఒక మహావృక్షాన్ని నరకడం ఏమిటని బాధపడతారు. బాధలో తప్పులేదు. కానీ ఆ తోపులో నిలబడ్డాక నాకు వాళ్ళ లెక్క తిరగబడిందనిపించింది. పంతొమ్మిదిలో ఒకటి నరికితే తోపుకి ఏమీ కాలేదు. ఖాళీలో వెలుతురు పడింది, మొదలు చిగురించింది. నిజానికి సిరిమాను ఇచ్చిన తోపని ఆ ఊళ్ళో దానికో గౌరవం వచ్చింది. ముసలాయన్ని అడిగాను, చెట్టు పోయినందుకు బాధగా లేదా అని.

"అమ్మోరు అడిగింది, ఇచ్చినాం. రేపు లేఅవుట్టోడొచ్చి డబ్బులిత్తే ఇది మొత్తం ఇచ్చీవోళ్ళున్నారు ఊళ్ళో."

ఆయన వేలు చూపించిన వైపు గరువు మీద తెల్ల రాళ్ళు పాతి ఉన్నాయి. అటుపక్క వరసగా సరుగుడు, దాని వెనక జామాయిలు. ఇవి నాలుగైదేళ్ళలో డబ్బవుతాయి. చింత అలా కాదు. నాటినవాడు కాయ తింటాడు, మాను వాడి మనవడికి దక్కుతుంది. ఒకప్పుడు పంచాయతీలు తోపు చింతపండు వేలం వేసి నాలుగు రూపాయలు చూసుకునేవి. ఇప్పుడు ఎక్కి దులపడానికి మనిషి దొరకడు, దులిపినా పిక్కలు తీసేవాళ్ళ కూలికి సరిపోదు. తోపుకి ఆ పని కూడా పోతోంది. పని పోయినవాటికి ఏమవుతుందో బొబ్బిలిలో చూశాం. బొబ్బిలి అంటే గుర్తొచ్చింది, అక్కడి వీణకి పనస మాను కావాలి. గొల్లపల్లి వీణల పనివాళ్ళకి అది ఊళ్ళ పెరళ్ళలోంచీ తోటల్లోంచీ రావాల్సిందే. పాటకీ చెట్టే, పండగకీ చెట్టే.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. శ్రీకాకుళం దాటితే ఒరిస్సా. పూరీలో నవకళేబరం వచ్చినప్పుడు, 1996లోనూ 2015లోనూ వచ్చింది, దైతాపతులు దేవుళ్ళ కొయ్య కోసం వేపచెట్లు వెతుకుతూ బయల్దేరతారు. కాకట్‌పూర్ మంగళాదేవి కలలో దారి చెప్తుంది. మన కలకి అక్క వరసన్నమాట. కానీ కలతో పాటు వాళ్ళకో లక్షణాల జాబితా కూడా ఉంది. చెట్టు నది దగ్గర ఉండాలి, పక్కన శ్మశానం ఉండాలి, మొదట్లో పాముపుట్ట ఉండాలి, కొమ్మల్లో పక్షి గూడు ఉండకూడదు. ఇది చెట్టు వర్ణన అనుకుంటాం. నిజానికి అది ఒక చోటు వర్ణన, దున్నని నేల, కదిలించని పుట్ట, వదిలేసిన ఏటిగట్టు ఉన్న చోటు. అలాంటి చోట్లు ఉన్నంత కాలమే ఆ జాబితా పనిచేస్తుంది. ఏటా రథాలకి కావలసిన కలప విషయంలో అయితే పూరీవాళ్ళు కలని నమ్ముకుని ఊరుకోలేదు. జగన్నాథ వన ప్రకల్పం పేరుతో ఆ జాతుల చెట్లు ప్రత్యేకంగా నాటిస్తున్నారు. జపాన్‌లో ఇసే మందిరాన్ని ఇరవయ్యేళ్ళకోసారి విప్పి మళ్ళీ కడతారు, ఆఖరిసారి 2013లో కట్టారు. దానికి కావలసిన సైప్రస్ జాతి మానులు వందల ఏళ్ళు బయటి అడవుల నుంచి తెచ్చుకుని, అవి తరిగిపోతున్నాయని తెలిసి, 1920లలో మందిరం సొంత అడవిలోనే రెండు వందల ఏళ్ళ ప్రణాళిక వేసుకుని నాటడం మొదలుపెట్టారు. ప్రణాళిక వేసినవాళ్ళెవరూ తమ చెట్టు స్తంభమవడం చూడరు.

సిరిమాను ఇప్పటికీ ఊళ్ళ తోపుల మీదా రైతుల గట్ల మీదా ఆధారపడి నడుస్తోంది. జాతర ముందురోజు తోలేళ్ళ ఉత్సవంలో రైతులకి అమ్మవారి విత్తనాలు పంచుతారు. ఎగబడి తీసుకుని, తమ విత్తనాల్లో కలుపుకుని పొలంలో చల్లుకుంటారు. ఆ విత్తనాల్లో నాలుగు చింతపిక్కలు కూడా వేయవచ్చు, చోటుంటే. చోటు ఉంది. విజయనగరం చుట్టుపక్కల తోపు పోరంబోకులు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. వాటి సర్వే నంబర్లు ఏ తహశీల్దారు ఆఫీసుకి వెళ్ళి అడిగినా చెప్తారు.